ఆప్షన్ల కాగితం

2024 మే 5, ఆదివారం. ఏలూరు

మనవరాలిని నీట్ పరీక్ష కేంద్రం దగ్గర దింపి, ఎదురుగా వేపచెట్టు నీడలో నేనూ అమ్మాయీ మూడు గంటల ఇరవై నిమిషాలు కూర్చున్నాం. ఒంటిగంటన్నరకి గేటు మూసేశారు. చెవి రింగులు, చేతికున్న దారం, జడ క్లిప్పు అన్నీ తీసి నా సంచీలో పడేసి లోపలికి వెళ్ళింది పిల్ల. ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుంటే, మనిషిని ఆపరేషన్ థియేటర్లోకి పంపి బయట నగలు కాస్తున్నట్టే ఉంది. గవర్నమెంటు ఆసుపత్రి ఫార్మసిస్టుగా అలా కాసేవాళ్ళని ముప్పై ఆరేళ్ళు చూశాను. ఇవాళ నా వంతు.

ఇది రెండోసారి రాయడం. నిరుడు 412 వచ్చాయి. ఏడాదిపాటు విజయవాడలో లాంగ్ టర్మ్ కోచింగ్. ఫీజు సగం నా పెన్షను, సగం అల్లుడి గుమాస్తా జీతం. అల్లుడు తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో పనిచేస్తాడు. ఆయన మనసులో మాట వేరే. "వెంకట్రామన్నగూడెంలో హార్టికల్చర్ యూనివర్సిటీ ఇంటికి కూతవేటు దూరమండి మావయ్యగారూ. నాలుగేళ్ళు చదివితే ఉద్యోగమండి" అంటాడు. అందులో తప్పేం లేదు. కానీ పిల్ల మొక్కల వైపు చూడదే!

బయటికొచ్చాక ఏమీ అడగలేదు. గూడెం పకోడీ పొట్లం చేతిలో పెడితే సగం తిని పడుకుంది.

జూన్ 4, మంగళవారం

ఇవాళ ఊరంతా టీవీల ముందే. ఎన్నికల ఓట్ల లెక్కింపు. వీధిలో ఒకవైపు టపాకాయలు, ఒకవైపు తలుపులు మూసిన ఇళ్ళు. ఈ గోలలో, పదిరోజుల తర్వాత రావాల్సిన నీట్ ఫలితాలు ఇవాళే వదిలారు. పిల్లకి 587.

నేను ఎగిరి గంతేశాను. అది మాత్రం ఏడుపు మొహం పెట్టింది. నిరుడు 600 వస్తే ముప్పై వేల చిల్లర ర్యాంకు ఉండేదట, ఈ ఏడు అదే మార్కులకి ఎనభై వేల దగ్గర. మొత్తం 720కి 720 వచ్చినవాళ్ళే 67 మంది. తొంభై వేలు దాటిన ర్యాంకు చూసుకుని కూర్చుంది. మార్కులు పెరిగితే ర్యాంకు తగ్గే చదువు నా కాలంలో లేదు.

జూన్ 16, ఆదివారం

అబ్బాయి న్యూజెర్సీ నుంచి ఫోన్ చేశాడు. అక్కడి పెద్ద మనవరాలికీ డాక్టరు చదవాలనే ఉందట. ఆగస్టు, సెప్టెంబరుల్లో యూనివర్సిటీలకి దరఖాస్తులు మొదలు. ఏ యూనివర్సిటీ అన్నది ఇంట్లో పెద్ద తగువు.

వాడు చెప్పింది ఇది. అమెరికాలో ఇంటర్ కాగానే మెడిసిన్ ఉండదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ. ఆ డిగ్రీ ఏ సబ్జెక్టులో అయినా ఫరవాలేదు, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్సు ల్యాబులతో సహా పూర్తి చేసుంటే చాలు. తర్వాత ఎంక్యాట్ అని రోజంతా కూర్చుని రాసే పరీక్ష. ఆ పైన నాలుగేళ్ళు మెడికల్ స్కూలు. డిగ్రీలో మార్కులు తగ్గితే మెడిసిన్ వాళ్ళు గడప తొక్కనివ్వరు కాబట్టి, మరీ పోటీ ఉన్న చోట చేర్చి పిల్లని ముంచుకోవాలా, లేక సొంత రాష్ట్రపు యూనివర్సిటీలో తక్కువ ఫీజుకి చేర్చి డబ్బు అసలు మెడిసిన్ కోసం దాచాలా అని కోడలికీ వీడికీ పడటం లేదు. కోడలికి పేరు కావాలి. వీడికి లెక్క కావాలి. తగువు తెగక నన్ను తీర్పు చెప్పమంటున్నాడు. నేనేం చెప్తాను! దాచుకోరా అన్నాను. పెన్షనర్ని, ఇంకోమాట నోటికి రాదు.

"మన బుజ్జిదానికి ఏ యూనివర్సిటీ అనుకుంటున్నారు నాన్నా?" అన్నాడు చివర్లో.

"ఒక్కటేరా. విజయవాడలో ఉంది. వైజాగ్‌లో చదివినా, కాకినాడలో చదివినా, ఇక్కడ ఆశ్రం ప్రైవేటు కాలేజీలో లక్షలు పోసి చదివినా పట్టా దానిదే" అన్నాను. వాడికి నవ్వాగలేదు. 1986లో రామారావు గారు పెట్టిన హెల్త్ యూనివర్సిటీ అది. మెడికల్ కాలేజీలు దాదాపు అన్నీ దాని గొడుగు కిందే. మంగళగిరి ఎయిమ్స్ లాంటివి ఏవో కొన్ని వేరు. కాబట్టి మాకు ఎంచుకోవడానికి మిగిలేది ఊరూ, ఆసుపత్రీ. అదీ ర్యాంకు అనుమతిస్తే.

నాకు తట్టిన తేడా ఇంకొకటుంది, ఫోన్లో చెప్పలేదు. ఆ పిల్లకి మనసు మార్చుకోవడానికి నాలుగేళ్ళు ఉన్నాయి. ఈ పిల్ల పదో క్లాసు చివర బైపీసీ అన్న రోజే తలుపులు వేసేసుకుంది. ఇప్పుడిది పద్దెనిమిదో ఏట కాగితం మీద వరస రాస్తే, రక్తం చూసి కళ్ళు తిరుగుతాయా లేదా అన్నది తర్వాత తెలుస్తుంది.

జూలై 7, ఆదివారం

పక్కింటి కుర్రాడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఫిలిప్పీన్స్ వెళ్ళి తిరిగొచ్చేశాడు వాడు. అక్కడా అమెరికా పద్ధతే. ముందు బీఎస్, తర్వాత నాలుగేళ్ళు ఎండీ. 2020లో ఒక కన్సల్టెన్సీవాళ్ళు "అంతా కలిపి డాక్టరు చదువే" అని చెప్పి డబ్బు కట్టించుకున్నారు. బీఎస్ సగం ఇంట్లో సెల్‌ఫోన్లోనే అయింది, కరోనా కదా. 2021 నవంబరు 18న మన మెడికల్ కమిషన్ నిబంధన వచ్చింది: విదేశంలో మెడిసిన్ చదువు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంటర్న్‌షిప్ విడిగా. నాలుగేళ్ళ ఎండీ అంటే 48 నెలలు. ముందు చదివిన బీఎస్‌ని మెడిసిన్ కింద లెక్కలోకి తీసుకోరు. ఆ తేదీకి ముందే ఎండీలో చేరినవాళ్ళు గట్టెక్కారు. వీడు బీఎస్‌లోనే ఉన్నాడు.

ఇప్పుడు బీఫార్మసీ మొదటి సంవత్సరం, ఇరవై రెండేళ్ళ వయసులో. "మీ లైనేనండి తాతగారూ" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మా లైను ఏం తక్కువ లైను కాదు, అది వేరే సంగతి.

జూలై 26, శుక్రవారం

నీట్ రద్దు చెయ్యక్కర్లేదని మంగళవారం సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇవాళ సవరించిన ఫలితాలు. పిల్లకి 587 కాస్తా 582 అయింది!

ఫిజిక్సులో పరమాణువు మీద ఒక ప్రశ్న. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఒక రకంగా, కొత్త పుస్తకంలో ఇంకో రకంగా ఉందని ముందు రెండు జవాబులకీ మార్కులిచ్చారు. కోర్టు అడిగితే ఢిల్లీ ఐఐటీ వాళ్ళు ఒకటే సరైనదని తేల్చారు. పాత పుస్తకం నమ్ముకున్న నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకి నాలుగు మార్కులు పోయి, ఇంకొకటి తప్పు కింద కోసేశారు. మా పిల్ల పుస్తకం పాతదే. ఏలూరు పవర్‌పేటలో సెకండ్ హ్యాండ్ కొన్నది నేనే, అరవై రూపాయలకి. కొత్తది నూటడెబ్భై. ఎంత మిగిల్చానో లెక్కేసుకుని, కాగితం చింపేశాను. ర్యాంకు లక్ష అవతలికి జారింది.

ఆగస్టు 6, మంగళవారం. కాకినాడ నుంచి వచ్చాక

పిల్లని కాకినాడ తీసుకెళ్ళాను. వియ్యాలవారి వైపు ముసలావిడ ఒకరు పెద్దాసుపత్రిలో ఉన్నారు. పలకరింపు పేరు, నా అసలు పని వేరు. కాలేజీలు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు బిల్డింగులూ హాస్టలూ చూసి వస్తారు. నేను ఓపీ దగ్గర నిలబెట్టాను దాన్ని, ఉదయం తొమ్మిదింటికి.

"ఏం చూడాలి తాతయ్యా?"

"జనాన్ని చూడు. ఎక్కడెక్కడి నుంచి వచ్చారో చూడు."

కోనసీమ నుంచి, తుని నుంచి, మన్యం వైపు నుంచి. చేపలవేట పడవ మీద చెయ్యి నలిగినవాడు, పురుగుమందు పడనివాడు, నెలలు నిండినవాళ్ళు. పుస్తకంలో పేరు తెలిసిన ప్రతి జబ్బూ ఆ గుమ్మంలోంచి నడిచి వస్తుంది. డాక్టరు చదువంటే అదే అని నా నమ్మకం. మందుల కిటికీ ఇవతల నిలబడి చూసినవాణ్ణి, తప్పయితే కావచ్చు.

వార్డులో ఒక పీజీ డాక్టరు నలుగురు పిల్లల్ని వెంటేసుకుని మా ముసలావిడ పక్క మంచం దగ్గర ఆగాడు. కాలేయం వాచిన పెద్దాయన. ఒక కుర్రాడు పొట్ట మీద చెయ్యి వేశాడు. ఆయన ఉలిక్కిపడి, "చెయ్యి చల్లగా ఉంది బాబూ, కాస్త రుద్దుకుని పెట్టు" అన్నాడు. పీజీ నవ్వి, "విన్నారుగా, మొదటి పాఠం అయిపోయింది" అన్నాడు. మా పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని రుద్దుకుంటోంది. చూడనట్టు మొహం తిప్పుకున్నాను.

రైల్లో చెప్పాను దానికి. కాకినాడ రంగరాయ 1958 నాటిది, ఏడాదికి 250 మంది. హౌస్ సర్జన్లు, వాళ్ళ పైన పీజీలు, ఆ పైన అసిస్టెంట్లు, ప్రొఫెసర్లు, మెట్లు మెట్లుగా ఉంటారు. అర్ధరాత్రి ఏదైనా తెలియకపోతే ఒక మెట్టు పైన మనిషి ఉంటాడు. మన ఏలూరు గవర్నమెంటు కాలేజీ నిరుడు సెప్టెంబరు 15న మొదలైంది, 150 సీట్లు. నీ పైన ఒక్క బ్యాచే ఉంటుంది, వాళ్ళకీ వార్డు కొత్తే. మా ఆసుపత్రే అది, నాకు చెడ్డ చెప్పాలని లేదు. జనానికి కొదవలేదు. చూపించే చేతులు ఇంకా తయారవ్వాలి.

"అంటే ఏలూరు వద్దా?"

సామర్లకోట దాటేదాకా జవాబు చెప్పలేదు.

ఆగస్టు 18, ఆదివారం. తాడేపల్లిగూడెం

కోల్‌కతా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న ట్రైనీ డాక్టరమ్మని పాడు చేసి చంపేసిన వార్త వచ్చి తొమ్మిది రోజులు. నిన్న దేశమంతా డాక్టర్లు ఇరవై నాలుగు గంటలు ఓపీలు ఆపేశారు. ఇంట్లో మాటే మారిపోయింది. అమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి. "ఏలూరు పైన పెట్టండి నాన్నా. మీరున్నారు అక్కడ. మిగతావి ఎందుకండి?"

కౌన్సెలింగ్ ఆప్షన్ల కాగితం నా చేతిలో. వెబ్‌లో పెట్టేముందు కాలేజీల వరస కాగితం మీద రాసుకోవాలని పట్టుపట్టింది నేనే. అల్లుడికి ఆ కంప్యూటరు ఎలా చూస్తుందో చెప్పాను. పై నుంచి కిందికి వస్తుంది, ఎక్కడ ర్యాంకుకి సీటు దొరికితే అక్కడ ఆగిపోతుంది, దాని కింద రాసినవి ఇక చూడదు. రాదేమోనన్న భయంతో వచ్చేదాన్ని పైకి ఎక్కిస్తే, దానికంటే మంచిది రావలసి ఉన్నా రాదు. మనసులో ఎలా ఉందో అలాగే రాయాలి, భయపడి రాయకూడదు. ఎంతోమంది తల్లిదండ్రులు పాడుచేసుకునేది ఇక్కడే.

"కొత్త కాలేజీల్లో డబ్బు సీట్లు కూడా ఉన్నాయటండి" అన్నాడు అల్లుడు మెల్లిగా. ఉన్నాయి. గవర్నమెంటు కాలేజీలోనే, బీ కేటగిరీ ఏడాదికి 12 లక్షలు, ఎన్ఆర్ఐ 20 లక్షలు. కన్వీనరు సీటుకి వేలల్లో ఫీజు. ఒకే బెంచీ, ఒకే శవం, ఒకే పాఠం. ఆ మాట అక్కడే వదిలేశాం.

మొదట వైజాగ్ ఆంధ్రా మెడికల్ కాలేజీ. 1923 నుంచి ఉంది, కేజీహెచ్ చెంత. ఆ ర్యాంకుకి రాదని తెలుసు, అయినా రాయాలి. రెండు కాకినాడ. మూడు గుంటూరు. నాలుగు విజయవాడ సిద్ధార్థ. ఐదు దగ్గర పెన్ను ఆగింది. రాజమండ్రా, ఏలూరా? రెండూ ఒకే ఏడు పుట్టినవి.

అప్పుడు అమ్మాయి అన్నది వేరే మాట. "2020 డిసెంబరులో మీరు వారంరోజులు ఇంటికి రాలేదు నాన్నా. గుర్తుందా?"

ఎందుకు గుర్తులేదు! డిసెంబరు 5 రాత్రి ఏలూరులో ఆ వింత జబ్బు మొదలైంది. నడుస్తూ నడుస్తూ జనం పడిపోవడం, మూర్ఛ, నోట్లో నురగ, అరగంటకి లేచి నాకేమైంది అని అడగడం. వారం తిరిగేసరికి ఆరు వందల మందికి పైగా. ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయంది. పురుగుమందుల మాట కూడా వచ్చింది. నెల తిరక్కుండానే రిటైరయ్యాను. అప్పుడు ఏలూరులో గవర్నమెంటు మెడికల్ కాలేజీ లేదు. ఉంటే, నూటయాభై మంది పిల్లలకి ఆ వారం చాలదూ? ఎక్కడి పుస్తకంలో ఉంది అలాంటి పాఠం!

ఆ మాట పైకి అనేశాను. అమ్మాయి పట్టేసుకుంది. "మరి!"

నాకు నోరు పెగల్లేదు. ఇక్కడ ఒప్పుకుంటాను, ఇది నా డైరీ. ఏలూరు ఐదుగా రాయడానికి చెయ్యి రాలేదు, ఒకటిగా రాయడానికీ రాలేదు. ఏలూరైతే ప్రతి ఆదివారం పిల్ల ఇంటికొస్తుంది. మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో గ్లాసు కింద పడితే చప్పుడు తప్ప ఇంకోటి లేదు. ఈ స్వార్థం ఓపీ జనం లెక్కల్లో ఎక్కడ కలిసిపోయిందో నేను విడదీసుకోలేను.

పిల్లే పెన్ను లాక్కుని ఐదు ఏలూరు, ఆరు రాజమండ్రి అని రాసింది. కాకినాడ రెండు అలాగే ఉంచింది. వాళ్ళమ్మ వైపు చూడలేదు.

ఆగస్టు 25, ఆదివారం

నిద్ర పట్టక సుబ్బారావు గారి గురించి ఆలోచించాను. యల్లాప్రగడ సుబ్బారావు. ఇక్కడికి దగ్గర్లో భీమవరంలో పుట్టినవాడు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. లాంగ్ టర్మ్ అన్నమాట! మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టాడని సర్జరీ దొరకి కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. ఆ చిన్న పట్టాతో బోస్టన్ వెళ్ళాడు. సర్వీసంతా గర్భిణీలకి నేను లెక్కపెట్టి ఇచ్చిన మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఆయన బృందం చేతి మీదుగా వచ్చిందే. ఆయన అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోయారు, దానికి మందు అదే.

ఈ కథ పిల్లకి చెబితే ఓదార్పుగా ఉంటుందనుకున్నాను. తర్వాత ఆగిపోయాను. వెయ్యిమందిలో ఒకడికి చిన్న పట్టా అడ్డం కాలేదని, మిగతావాళ్ళకీ కాదని చెప్పడం మోసం.

సెప్టెంబరు 3, మంగళవారం

బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది ఆదివారం. ఆ నీళ్ళన్నీ కొల్లేటికే రావాలి, ఉప్పుటేరు మీదుగా సముద్రం చేరాలి. చేపల చెరువుల గట్ల మధ్య ఇరుక్కుని లంకల్లో ఎక్కుతోంది నీరు. ఏలూరు-కైకలూరు రోడ్డు చినఎడ్లగాడి దగ్గర మునిగింది, బళ్ళు ఆపేశారు. లంకలో మా చెల్లెలి వాకిట్లోకి వచ్చేసిందట. "అరుగు మీద పాము చుట్టుకుని ఉందన్నయ్యా, దాన్నెలా కొట్టమంటావు, అదీ ప్రాణం కాసుకోవడానికి వచ్చిందే" అంది ఫోన్లో. ఆటపాక వైపు గూడబాతులు మాత్రం హాయిగా ఉన్నాయట.

ఓఆర్ఎస్ పొట్లాలు, క్లోరిన్ మాత్రలు కట్టి పడవ మీద వెళ్ళే కుర్రాళ్ళకి ఇచ్చాను. పిల్ల కూడా వచ్చి మాత్రలు లెక్కపెట్టింది. రెండుసార్లు తప్పు లెక్కపెట్టింది.

చెల్లెలు చివర్లో అడిగింది: "పిల్లకి సీటు ఎక్కడొస్తుందంటావు? దగ్గర్లో అయితే బాగుండును." అందరూ ఒకటే అడుగుతారు. దాని చదువు గురించి ఒక్కరూ అడగరు. నాతో సహా.

అక్టోబరు 13, ఆదివారం

నిన్న దసరా. పిల్ల హాస్టల్ నుంచి వచ్చింది. సీటు ఏలూరే. కాగితం మీద పైనున్న నాలుగూ దాటుకుని ఐదో గీత దగ్గర ఆగింది ర్యాంకు. ఆ ఐదు మార్కులు ఉంటే ఏమయ్యేదో అని నేను మాత్రం అనుకుంటూ ఉంటాను. ఎప్పటికీ తెలియదు. వార్త విన్న రోజు అమ్మాయి కొబ్బరికాయ కొట్టింది. నేను పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను, మొహంలో సంతోషం మరీ తెలిసిపోతోందని.

మెడిసిన్ పిల్లలకి ఊళ్ళో కొన్ని కుటుంబాల్ని దత్తత ఇస్తారట ఇప్పుడు. ఆ ఇళ్ళకి ఏళ్ళ తరబడి వెళ్ళి వాళ్ళ ఆరోగ్యం చూస్తూ ఉండాలి. ఏ ఊరిస్తారో ఇంకా చెప్పలేదు. లంక ఊరేదైనా వస్తే మా చెల్లెలు దీన్ని తిండి పెట్టకుండా పంపదు.

సాయంత్రం న్యూజెర్సీ పిల్ల వీడియోలో కనిపించింది. సొంత రాష్ట్రపు యూనివర్సిటీ మొదటి పేరుగా పెట్టిందట. డిగ్రీలో చరిత్ర తీసుకుంటుందట! చరిత్ర చదివి డాక్టరేంటే అంటే, "కావచ్చు తాతయ్యా, కాకపోవచ్చు కూడా. ఇంకా టైముంది" అంది, మామూలుగా, పకోడీ తింటావా అంటే తర్వాత అన్నట్టు. ఈ పిల్ల ఆ మాట విని కాసేపు ఫోన్ వైపే చూసింది.

రాత్రి భోజనాలయ్యాక నన్ను మంచం మీద పడుకోమంది. అరచేతులు రుద్దుకుంది, రెండుసార్లు, గట్టిగా. చొక్కా పైకెత్తి పొట్ట మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఎంతో ధ్యానంగా నొక్కింది.

"లివరు తగలట్లేదు తాతయ్యా. అంటే బాగున్నట్టే కదా?"

"బాగానే ఉంటుందమ్మా" అన్నాను. "కానీ అది కుడివైపు ఉంటుంది."